అలసిపోని గుర్రాలు

మన చారిత్రక నవలల్లో గుర్రానికి ఆకలి వెయ్యదు. దాహం వెయ్యదు. కాలు బెణకదు, లాడం ఊడదు. నాయకుడు ఈల వేస్తే చీకట్లోంచి వచ్చి నిలబడుతుంది. అతగాడు మేడమీది గవాక్షంలోంచి దూకితే సరిగ్గా ఆ వేళకు కింద వీపు చూపిస్తుంది. నాయికను కూడా ఎక్కించుకుని రాత్రంతా దౌడు తీస్తుంది. తెల్లారి వాళ్ళిద్దరూ సెలయేటి గట్టున కూచుని కబుర్లలో పడగానే, ఎవరికీ అడ్డం కాకుండా ఎటో వెళ్ళిపోతుంది. మళ్ళీ పని పడితే మళ్ళీ ఈల!

ఇంత ఒద్దికైన జంతువును బ్రహ్మదేవుడు పుట్టించలేదు. మన రచయితలు పుట్టించారు.

గుర్రాల గురించి మాట్లాడ్డానికి నీకేమిటమ్మా అర్హత అంటారేమో. నిజమే, నేను చదివింది బి.ఏ. గానీ పశువైద్యం కాదు. అయితే మా పలమనేరు పశువుల సీమ. పుంగనూరు పొట్టి ఆవుల్ని కాపాడుతున్న పశు పరిశోధనా కేంద్రం మా ఊళ్ళోనే ఉంది. ఇక్కడ మసిలేవాళ్ళకు ఆవు అలిగిందో అలసిందో ఎవరూ విడమరిచి చెప్పక్కర్లేదు. ఆ కళ్ళతో నవల చదవబోతే, నాయిక కన్నీళ్ళకంటే ముందు గుర్రం నోటి నురగ కోసం వెదుకుతాను. అది కనిపించదు. నాయిక కన్నీళ్ళ మీద కూడా నమ్మకం సడలుతుంది.

ఏ ఒక్క నవలనో వేలెత్తి చూపడం నా ఉద్దేశం కాదు. పదింటిలో చదివిన ఒకే రంగాన్ని ఇక్కడ ఒకటిగా కూర్చి పెడతాను. ఆరవీటి రాజుల కాలం. వేలూరు కోట. సంజె చీకటి. కుట్ర బయటపడింది. మెరికలాంటి యువకుడొకడు లేఖను తలపాగాలో దోపుకుని నల్లగుర్రం ఎక్కాడు. గాలితో పందెం వేసినట్టు దూసుకుపోయాడు. చిత్తూరు దాటాడు, మొగిలి కనుమ ఎక్కాడు, మా పలమనేరు మీదుగా సాగిపోయాడు. తొలికోడి కూసే వేళకు పెనుకొండ కోట తలుపు తట్టాడు. గుర్రం గర్వంగా ఒకసారి సకిలించింది. అధ్యాయం సమాప్తం.

ఇప్పుడు కాస్త లెక్క చూద్దాం. పటం మీద తిన్నగా గీత గీసి కొలిచినా వేలూరుకూ పెనుకొండకూ మధ్య 200 కిలోమీటర్లు దాటుతుంది. దారి వెంట పోతే ఇంకా ఎక్కువే. గుర్రం మామూలు నడక గంటకు 6, 7 కిలోమీటర్లు. దుడుకు నడక 12 నుంచి 15. దౌడు తీస్తే 40, 45. ఈ చివరి లెక్క చూసే మనవాళ్ళు మోసపోతారు. ఆ వేగం ఎంతసేపు నిలుస్తుంది? మూడు నాలుగు కిలోమీటర్లు. అంతే. పందెపు గుర్రాన్ని ఏడాది పొడుగునా మేపి, మాలీసు చేసి, పువ్వుల్లో పెట్టి పెంచేది రెండు మూడు నిమిషాల పరుగు కోసం. మన యువకుడు గాలితో పందెం మానకపోతే, పాలారు దాటి కాట్పాడి చేరేసరికే నల్లగుర్రం ఎగశ్వాస పెడుతుంది. పైగా గుర్రం మనలాగా నోరు తెరిచి ఊపిరి తీసుకోలేదు. దానికి ముక్కుపుటాలే దిక్కు. అవి ఎర్రగా విచ్చుకుని, డొక్కలు కొలిమితిత్తుల్లా ఎగసిపడుతుంటాయి. ఇంతా అయితే ఇంకా మొగిలి కనుమ మిగిలే ఉంది!

కనుమ అంటే గుర్తొచ్చింది. 1791 ఫిబ్రవరిలో కారన్‌వాలిస్ సైన్యం టిప్పు మీదికి దండెత్తి మైసూరు పీఠభూమి ఎక్కింది ఈ మొగిలి కనుమ గుండానే. ఆ ఫిరంగుల్నీ ధాన్యాన్నీ పైకి చేర్చిన మూగజీవాలు ఎన్నో! ఇవాళ లారీలు సైతం మూలుగుతూ ఎక్కే దారి అది. మన నవలల్లో మాత్రం అక్కడ కొండే ఉండదు. ఒక వాక్యంలో కింద ఉన్న గుర్రం మరుసటి వాక్యంలో పైన ఉంటుంది.

గుర్రం దూరం పోలేదని నేననడం లేదు. అమెరికాలో కాలిఫోర్నియా కొండల మధ్య 1955 నుంచీ ఒక పందెం నడుస్తోంది. 24 గంటల్లో 160 కిలోమీటర్లు పోవాలి. పోయేవి ఉన్నాయి. కానీ దారిపొడుగునా పశువైద్యులు కాచుకుని ఉంటారు. నాడి చూస్తారు, కుంటుతోందేమో నడిపించి చూస్తారు, సందేహం వస్తే అక్కడికక్కడే ఆపేస్తారు. రౌతులు ఎక్కడ నడిపించాలో, ఎక్కడ తాము దిగి పక్కన నడవాలో లెక్క వేసుకుని పోతారు. ఆ లెక్కలోనే ఉంది కథంతా. ఎప్పుడు దిగి నడవాలి, ఎక్కడ నీళ్ళు దొరుకుతాయి, వెనక తరుముకొస్తున్నవాళ్ళ గుర్రాలు ఏ స్థితిలో ఉన్నాయి? ఈ ప్రశ్నలు వేసుకున్న రచయితకు ఉత్కంఠ కోసం వేరే వెతుక్కోవాల్సిన పనేముంది? అలసిపోని గుర్రం మీద పోయేవాడికి ప్రమాదమే లేదు. ప్రమాదం లేనివాడి గురించి మనకు బెంగ ఎందుకు?

మన భాషకు ఈ సంగతి ముందే తెలుసు. 'అంచెలంచెలుగా' అంటాం చూడండి, ఆ అంచె అక్కడిదే. దారిలో మజిలీ మజిలీకీ వార్త మోసేవాళ్ళనూ గుర్రాలనూ సిద్ధంగా ఉంచేవారు. ఒకటి అలసిపోయేచోట ఇంకొకటి అందుకునేది. ఇక్కడికి నాలుగు అడుగులు వేస్తే కన్నడ సీమ. అక్కడ ఈనాటికీ తపాలాను 'అంచె' అనే పిలుస్తారు. ఒక్క గుర్రం వల్ల కాదని తెలిసిన జనం పుట్టించుకున్న మాట అది. మాటకున్న జ్ఞాపకం నవలకు లేకపోవడం విచిత్రం కాదూ?

తిండి సంగతికి వద్దాం. ఆడవాళ్ళం కదా, ఎవరింటికి చుట్టాలు వచ్చినా ముందు మనకు తట్టేది ఈ ప్రశ్నే. నాయకుడు పూటకూళ్ళమ్మ ఇంట్లో పదార్థాలన్నీ మెచ్చుకుంటూ తింటాడు. బయట కట్టేసిన గుర్రానికి ఎవరు పెట్టారు? గుర్రం ఆవులాగా గబగబా మేసి తీరిగ్గా నెమరువేసే జంతువు కాదు. దాని పొట్ట ఒంటికి తగినంత పెద్దది కాదు. రోజులో సగానికి పైగా కొంచెం కొంచెంగా మేస్తూనే ఉండాలి. రోజుకు పాతిక నుంచి నలభై లీటర్ల నీళ్ళు కావాలి. ఇంకో చిక్కేమిటంటే, అది తిన్నదాన్ని కక్కలేదు. పడనిది తింటే కడుపునొప్పితో పొర్లి పొర్లి ప్రాణం మీదికి తెచ్చుకుంటుంది. మనం ఉలవచారు కాచుకుని లొట్టలు వేస్తాం గానీ ఆ ఉలవలు ఒకప్పుడు ముందు గుర్రానివి, ఆ తరువాతే మనవి. ఇంగ్లీషువాళ్ళు దానికి పెట్టుకున్న పేరే హార్స్‌గ్రామ్. ఉలవలు నానబెట్టి, ఉడకబెట్టి, చల్లార్చి పెట్టే మనిషి ఒకడు గుర్రం వెనక ఎప్పుడూ ఉంటాడు. రౌతుకు వీరగంధాలు పూసే నవలలో ఆ గుగ్గిళ్ళ కుండకు ఒక్క వాక్యం దొరకదు.

ఖరీదు కూడా చూడండి. మన దక్షిణాదిలో మేలుజాతి గుర్రం పుట్టడం, బతకడం రెండూ కష్టమే. అరబ్బు దేశాల నుంచీ, హొర్ముజు నుంచీ ఓడల్లో రావాలి. 13వ శతాబ్దంలో వచ్చిన మార్కోపోలో, ఇక్కడివాళ్ళకు గుర్రాన్ని సాకడం తెలీక, అన్నమూ మాంసమూ వండి పెట్టి చంపుకుంటారని విస్తుపోయాడు. 1535 ప్రాంతంలో విజయనగరంలో ఉన్న నూనిజ్ స్వయంగా గుర్రాల బేరగాడు. రాయలవారు ఏటా 13,000 గుర్రాలు కొనేవారని రాశాడు. మా పక్క చంద్రగిరి నుంచి ఎదిగిన సాళువ నరసింహరాయల సంగతి ఇంకా బాగా చెప్పాడు. బతికినవైనా చచ్చినవైనా ఆయన వెయ్యి పర్దావులకు మూడు చొప్పున కొనేవాడట. పర్దావు అంటే వరహా అనుకోండి. సముద్రంలో చచ్చిపోయిన గుర్రానికి తోక తెచ్చి చూపిస్తే చాలు, బతికున్నదానికి ఇచ్చినట్టే డబ్బు ఇచ్చేవాడట!

నవలా రచయితలారా, ఆ తోకల మూటను ఒక్కసారి ఊహించుకోండి. రేవులో దిగిన వర్తకుడు లెక్కలు చూసేవాడి ముందు తోకలు పరిచి ఒకటొకటిగా లెక్కపెడుతున్నాడు. ఒక రాజ్యానికి గుర్రం ఎంత అవసరమో, ఎంత అపురూపమో, ఎంత సుళువుగా చచ్చిపోతుందో ఆ ఒక్క రంగంలో కనబడుతుంది. ఇలాంటి గుర్రాన్ని ఏ పిచ్చివాడు చెట్టుకింద వదిలేసి సెలయేటి గట్టున ప్రేమ కబుర్లు చెబుతాడు?

'ఇవన్నీ ఈ కాలపు గొడవలు, పూర్వకవులు ఇవి పట్టించుకున్నారా' అని ఒక సాహితీమిత్రులు నన్ను అడిగారు. పట్టించుకున్నారండీ, మనకంటే బాగా పట్టించుకున్నారు. భారతంలో నలుడి కథ తీసుకోండి. బాహుకుడి రూపంలో ఉన్న నలుణ్ణి ఋతుపర్ణుడు ఒక్కరోజులో విదర్భకు చేర్చమంటాడు. బాహుకుడు లాయంలోకి వెళ్ళి ఎంచి ఎంచి బక్కచిక్కిన గుర్రాల్ని పట్టుకొస్తాడు. రాజుకు ఒళ్ళు మండుతుంది, నన్ను ఎగతాళి చేస్తున్నావా అంటాడు. కండపట్టి నిగనిగలాడేది వేరు, దూరానికి నిలిచేది వేరు అని తెలిసిన కవి రాసిన ఘట్టం అది. రథం ఎక్కగానే గుర్రాలు మోకాళ్ళమీద కూలబడతాయి. అప్పుడు నలుడు కొరడా తియ్యడు. వాటిని బుజ్జగిస్తాడు. ఆ తరువాత రథం గాలిలో తేలినట్టు పోతుంది. అక్కడ అద్భుతం జరిగిందంటే మనం నమ్ముతాం. ఎందుకంటే దానికి ముందు మోకాళ్ళు కూలాయి.

అంతకంటే గొప్పది ఆ తరువాత ఉంది. నలుడి సొంత గుర్రాలు అప్పటికే కుండినపురంలో ఉన్నాయి. మారురూపంలో ఉన్న నలుణ్ణి మనుషులెవరూ పోల్చుకోలేదు. దమయంతికి సైతం అనుమానమే గానీ రూఢి లేదు. ఆ గుర్రాలు మాత్రం దూరాన రథం చప్పుడు వినగానే నలుడు దగ్గరున్నప్పటిలాగే పొంగిపోయాయి. వ్యాసుడు వాటిచేత ఒక్క మాటైనా మాట్లాడించలేదు. గుర్రానికి ఉన్న చెవినీ జ్ఞాపకాన్నీ మాత్రమే వాడుకున్నాడు. హిందీ పరీక్షలకు కూచున్నవాళ్ళకు సుదర్శన్ కథ 'హార్ కీ జీత్' గుర్తుండే ఉంటుంది. అందులోనూ చీకట్లో యజమాని అడుగుల చప్పుడు పోల్చుకుని సుల్తాన్ సకిలిస్తుంది. ఎన్ని వందల ఏళ్ళు గడిచినా నిజం ఎక్కడైనా ఒక్కలాగే ఉంటుంది మరి.

ద్రోణపర్వం చూడండి. సైంధవుణ్ణి పొద్దుగుంకేలోగా చంపాలి. లేకపోతే అర్జునుడు అగ్నిలో దూకాలి. అంతటి తొందరలో, శత్రువుల నడిమధ్యన, కృష్ణుడు రథం ఆపించి గుర్రాల్ని విప్పుతాడు. అవి దివ్యాశ్వాలు, సాక్షాత్తూ భగవంతుడు సారథి. అయినా వాటికి దాహం వేసింది. అర్జునుడు బాణాలతో కొలను కల్పించి నేలమీద నిలబడి పోరుతుంటే, కృష్ణుడు గుర్రాల ఒంట్లో దిగిన బాణాలు పీకి, చేతులతో ఒళ్ళు రుద్ది, నీళ్ళు తాగించి, అలసట తీర్చి మళ్ళీ పూన్చాడు. దేవుడు సైతం గుర్రానికి మాలీసు చేసిన తరువాతే ముందుకు కదిలాడు. మన యువకుడు కృష్ణుడికంటే ఎక్కువవాడా?

నకులుడు దామగ్రంథి పేరుతో విరాటుడి గుర్రపుసాలలో కుదురుకున్నాడంటే, అది పాండవుడు చేయదగిన విద్యగా మనవాళ్ళు లెక్కించారన్నమాట. గుర్రాల లక్షణాలమీద మనుమంచి భట్టు తెలుగులోనే ఒక శాస్త్రగ్రంథం రాశాడు. కాకతీయుల నాటి గంగయ సాహిణి పేరులోనే గుర్రపుసాల ఉంది. అమరకోశం గుర్రం నడకలకు విడివిడిగా అయిదు పేర్లు పెట్టింది. మన నవలలకు మిగిలింది ఒక్కటే, దౌడు.

ఇక్కడ ఒక మాట స్పష్టం చెయ్యాలి. నేను కల్పనకు శత్రువును కాను. కాశీమజిలీ కథల్లో ఏ విచిత్రం జరిగినా నాకు అభ్యంతరం లేదు. పంచకళ్యాణి రెక్కలు విప్పి ఏడు సముద్రాలు దాటితే చప్పట్లు కొడతాను. ఆ కథ మొదటి వాక్యంలోనే మనతో ఒప్పందం చేసుకుంది. గుర్రం మాట్లాడినా తప్పులేదు. ఇంగ్లండులో అన్నా సెవెల్ అనే ఆవిడ 1877లో 'బ్లాక్ బ్యూటీ' రాసింది. కథ చెప్పేదే గుర్రం. ఆవిడ చిన్నతనంలో కాలికి దెబ్బ తగిలి సరిగా నడవలేక జీవితమంతా గుర్రబ్బండి మీద ఆధారపడ్డ మనిషి. అందుకేనేమో, బండి సొగసుగా కనబడాలని గుర్రం తల పైకి లాగి బిగించి కట్టే పగ్గం వల్ల మెడకూ ఊపిరికీ ఎంత నరకమో ఆ గుర్రం చేత చెప్పించింది. పుస్తకం వచ్చిన కొద్ది నెలలకే ఆవిడ పోయింది గానీ, అది చదివి ఆ పగ్గం మీద జనానికి ఏవగింపు పుట్టింది. అందులో మాట కల్పన, మెడనొప్పి నిజం. మనవాళ్ళది సరిగ్గా తలకిందులు. గుర్రం మాట్లాడదు కాబట్టి అంతా వాస్తవమే అనుకుంటారు, ఒళ్ళు మాత్రం కల్పన!

టాల్‌స్టాయ్ 'అన్నా కెరెనినా'లో గుర్రప్పందెం ఉంది. వ్రాన్‌స్కీ మంచి రౌతే. గుర్రం ఫ్రూ-ఫ్రూ అంతకంటే మంచిది. ఒక్క దూకుడులో అతడు జీనులో తప్పుగా కూలబడతాడు, దాని నడుం విరిగిపోతుంది. పైగా ఆ కోపంలో దాన్నే తంతాడు. అతడి చేతిలో ఒక స్త్రీ జీవితం ఏమవుతుందో పాఠకుడికి అక్కడే గుండెల్లో రాయి పడుతుంది. గుర్రం ఎముక నిజమైనది కాకపోతే ఆ రాయి పడదు. చెహోవ్ కథలో ముసలి బండివాడు కొడుకు పోయిన దుఃఖం వినేవాళ్ళు లేక చివరికి తన గుర్రంతో చెప్పుకుంటాడు. చెహోవ్ ఆ గుర్రం చేత కన్నీళ్ళు పెట్టించలేదు. అది గడ్డి నములుతూ వింటుంది, అతడి చేతులమీద ఊపిరి వదులుతుంది. మన చేతిలో పడితే ఆ గుర్రం వెక్కి వెక్కి ఏడ్చేది. మనం మాత్రం ఏడ్చేవాళ్ళం కాదు.

మరి మన గుర్రానికి ఈ రూపం ఎక్కణ్ణుంచి వచ్చింది? నా అనుమానం ఏమిటంటే, మనవాళ్ళు గుర్రాన్ని గుళ్ళో చూసి నేర్చుకున్నారు. తిరుమల బ్రహ్మోత్సవాల్లో ఎనిమిదో రోజు రాత్రి స్వామి అశ్వవాహనం మీద వస్తాడు. వేలూరు కోటలోని జలకంఠేశ్వరుడి కల్యాణమండపం స్తంభాలనిండా ముందుకాళ్ళు ఎత్తి లేచిన గుర్రాలే. శిల్పానికి ఆ భంగిమ అందం. నవలలోకి వచ్చేసరికి అదే గుర్రం ఊరికే ముందుకాళ్ళు ఎత్తుతుంటుంది, రౌతు నవ్వుతుంటాడు. నిజమైన గుర్రం అలా లేచిందంటే భయపడిందని, లేదా చెప్పినమాట వినను పొమ్మంటోందని అర్థం. అడుగడుక్కీ సకిలించడమూ అంతే. సకిలింపు ఎక్కువగా తోడు కోసం పిలుపు. జట్టుగా బతికే జీవి, ఒంటరైతే పిలుస్తుంది. శత్రువుల కోట గోడకింద నక్కినప్పుడు నాయకుడి గుర్రం లోపలి లాయంలోని గుర్రాలను పలకరిస్తే? ఎంత చక్కని మలుపు! ఎవరూ వాడుకోరు.

గుర్రం మనసు దాని చెవుల్లో ఉంటుంది. ముందుకు నిక్కితే ఏదో ఆసక్తి, వెనక్కి అణిగి మెడకు అతుక్కుంటే కోపం, చెరో పక్కకూ తిరుగుతుంటే రెండు వైపులా వింటోందన్నమాట. కళ్ళు తలకు రెండు పక్కలా ఉంటాయి కాబట్టి దాదాపు చుట్టూరా కనబడుతుంది. కనపడనివి రెండే చోట్లు, నుదుటికి ఎదురుగా కొంచెం, తోక వెనక కొంచెం. నా చిన్నప్పుడు మా ఊళ్ళో ఇంకా జట్కాలు ఉండేవి. ఒక సాయబు నన్ను దూరంగా జరిపి, 'పాపా, దానెనకాల నిలబడొద్దు. దానికి నువ్వు అగపడవు. అగపడనిదానికి అది బయపడి తంతాది' అన్నాడు. అశ్వశాస్త్రమంతా ఆ నాలుగు మాటల్లో ఉంది. తన్నే గుర్రం పొగరుబోతు కాదు, భయస్తురాలు. పులికి పంజా ఉంది, ఎద్దుకు కొమ్ముంది. గుర్రం మొదటి ఆయుధం పరుగు. గాలికి ఎగిరిన గుడ్డపేలికకు బెదిరే ఆ జీవి, మనిషి మాటమీద నమ్మకంతో ఫిరంగుల మోతలోకి నడిచిందంటే, అదీ వీరగాథ. ముందు దానికి భయం ఉందని ఒప్పుకుంటేనే ఆ ధైర్యానికి విలువ.

దాని తెలివికీ అతిశయాలు అక్కర్లేదు. బెర్లిన్‌లో హాన్స్ అనే గుర్రం ఒకటి ఉండేది. కూడికలూ తీసివేతలూ అడిగితే గిట్టతో నేలమీద కొట్టి జవాబు చెప్పేది. జనం వెర్రెత్తిపోయారు. 1907లో ఫుంగ్‌స్ట్ అనే పరిశోధకుడు అసలు కిటుకు బయటపెట్టాడు. గుర్రానికి లెక్కలు రావు. సరైన సంఖ్య దగ్గరికి రాగానే అడిగినవాడికే తెలీకుండా అతడి తల వెంట్రుకవాసి కదిలేది. అది చూసి గుర్రం ఆపేసేది. అడిగినవాడికి జవాబు తెలియకపోతే హాన్స్‌కూ తెలియదు. 'ఓస్, ఇంతేనా' అన్నారు కొందరు. నాకు మాత్రం ఒళ్ళు జలదరించింది. లెక్కలు చేసే గుర్రం కంటే, మనలో మనకే తెలియని కదలికను చదివే గుర్రం ఎంత గొప్పది! రాజద్రోహి పైకి నవ్వుతూ వచ్చి కళ్ళెం పట్టుకుంటే అతడి చేతి బిగువుకే గుర్రం చెవులు వెనక్కి వాల్చవచ్చు. నాయకుడు అది గమనించవచ్చు. చీకట్లో మనకంటే దానికి చూపు ఎక్కువ కాబట్టి కనుమ దారిలో పగ్గాలు వదిలి దానిమీద భారం వెయ్యవచ్చు. అబద్ధపు గుర్రంకంటే నిజమైన గుర్రం కథకు ఎక్కువ పనికొస్తుంది.

'సరేలేవమ్మా, ఒక జంతువు దగ్గర ఇంత రాద్ధాంతమా' అనిపించవచ్చు. అసలు సంగతి ఇప్పుడు చెబుతాను. మన నవలల్లో అలసిపోని ప్రాణి గుర్రం ఒక్కటే కాదు. సాంఘిక నవలల్లో కాఫీ గ్లాసులు చూడండి. మామగారు వీధి అరుగుమీద కూచోగానే కాఫీ వస్తుంది. అర్ధరాత్రి స్నేహితులు వస్తే వేడివేడి భోజనం వస్తుంది. ఎవరు లేచారు, పాలు ఉన్నాయా, ఆవిడ అప్పటికి నిద్రపోయి ఎంతసేపయింది అని ఎవరూ రాయరు. ఈల వెయ్యగానే గుర్రం, పిలవగానే కాఫీ. రెండూ ఒకే కలంలోంచి వస్తున్నాయి. నోరు విప్పి చెప్పని అలసట ఆ కలానికి కనపడదు. గుర్రం నోటి నురగ చూసిన రచయిత వంటింటి గడపమీద కాసేపు కూలబడ్డ మనిషినీ చూస్తాడు. దాన్ని చూడనివాడు దీన్నీ చూడడు. అందుకే ఇది గుర్రాలమీద అభిమానంతో రాసిన సలహా మాత్రమే కాదు.

నిజానికి మనం కథగా దాచుకున్నది అలసిన గుర్రాల్నే. 1576లో హల్దీఘాట్ యుద్ధంలో రాణాప్రతాపుణ్ణి దాటించిన చేతక్‌ను ఇంకా తలుచుకుంటున్నామంటే, గాయపడ్డ కాలుతో యజమానిని వాగు దాటించి అవతలి గట్టున ప్రాణం విడిచిందని చెప్పుకోబట్టే. వాగు దాటి హాయిగా ఇంటికి వెళ్ళిందని చెప్పుకుంటే ఎవరికి గుర్తుండేది?

ఇప్పుడు జట్కాలు లేవు. మా ఊరి బస్టాండు ముందు ఆటోలు బారులు తీరి ఉంటాయి. గుర్రాన్ని చూడాలంటే పెళ్ళి ఊరేగింపు రావాలి. వచ్చినప్పుడు పెళ్ళికొడుకును కాకుండా దాన్ని చూడండి. బ్యాండు మోతకూ లైట్లకూ దాని చెవులు ఎటు తిరుగుతున్నాయో, పట్టుకున్న కుర్రాడు దాని మెడమీద చెయ్యి ఎందుకు తియ్యడం లేదో గమనించండి. పదిహేను నిమిషాలు చాలు, పది పుస్తకాలు చెప్పనిది తెలుస్తుంది.

చారిత్రక నవల రాయబోయే తమ్ముళ్ళకూ చెల్లెళ్ళకూ నాదొక్కటే మనవి. మీ యువకుణ్ణి పెనుకొండకు పంపండి, నాకేం అభ్యంతరం లేదు. దారిలో అంచె గుర్రాలు మార్చండి. మొగిలి కనుమ దగ్గర ఒకసారి దిగి నడవనివ్వండి. కోట తలుపు తెరుచుకోగానే లేఖ అందించేముందు జీను పట్టెడ వదులు చేసి, గుర్రాన్ని నాలుగు అడుగులు నడిపించి, నీళ్ళు ఎక్కడున్నాయని అడగనివ్వండి. ఆ రెండు నిమిషాల ఆలస్యానికి సామ్రాజ్యం కూలిపోదు. అతగాడు నాయకుడని మాత్రం మేము నమ్ముతాం.